తగ్గిందని చెప్పిన ఆదివారం

ఇప్పుడు మా చర్చిలో కుర్చీలు నేను వెయ్యను. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు దాదాపు రెండేళ్ళు పట్టింది.

అమెరికాలో, టెక్సాస్‌లోని ప్లేనోలో మాది చిన్న తెలుగు సంఘం. సొంత మందిరం లేదు. ఒక అమెరికన్ చర్చివాళ్ళ హాలు ఆదివారం మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా అద్దెకు తీసుకుంటాం. వాళ్ళు హాలు ఖాళీగా అప్పజెబుతారు, మేము ఖాళీగా తిరిగి అప్పజెప్పాలి. అంటే ప్రతివారం నూట ఇరవై ఇనుప మడతకుర్చీలు పక్కగదిలోంచి తెచ్చి వరసలు పెట్టాలి. ఆరాధన అయ్యాక మళ్ళీ మడిచి, చక్రాల బండి మీద పేర్చి, లోపల పెట్టాలి. తొమ్మిదేళ్ళు ఆ పని నాది. ఎవరూ అప్పగించలేదు. అందరికన్నా ముందు వచ్చేవాణ్ణి కాబట్టి నాదైపోయింది. ఒక్కో చేతికి రెండేసి, మొత్తం నాలుగు కుర్చీలు ఒకేసారి మోసేవాణ్ణి. "ప్రభాకర్ గారు రాని రోజున మనమంతా నిలబడే ఆరాధన చెయ్యాలి" అని పాస్టర్ గారు నవ్వేవారు. ఆ మాట వినడం నాకెంత ఇష్టంగా ఉండేదో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

నా నడుంనొప్పి గురించి రాయాలంటే ఆ కుర్చీల దగ్గరే మొదలుపెట్టాలి. దాంతోపాటు, ఒక ఆదివారం నేను లేచి నిలబడి చెప్పిన ఒక మాట గురించి కూడా రాయాలి. ఆ మాట నమ్మి ఒక పెద్దావిడ పాదం పోగొట్టుకునేంత పనైంది. ఏళ్ళ తరబడి నొప్పితో బతుకుతున్నవాళ్ళు ఇది చదివితే నా నొప్పిలో తమది కొంత కనిపించవచ్చు. నా తప్పులో మాత్రం ఎవరికీ ఏమీ కనిపించకుండా ఉంటే బాగుండును.

మొదటి ఆగస్టు

ఆరాధన అయిపోయింది. కుర్చీలు పేర్చిన బండిని తోసుకెళ్తుంటే దాని చక్రం గుమ్మం దగ్గర ఇనుపపట్టీలో ఇరుక్కుంది. ఎవరినైనా పిలిస్తే అర నిమిషం పని. నేను పక్కకు తిరిగి, వంగి, ఒక్కణ్ణే ఎత్తాను. ఎడమ తుంటి నుంచి మడమ దాకా ఎవరో కాలుతున్న తీగ లాగినట్టయింది. నేను మోసుకొచ్చిన కుర్చీలోనే కూలబడ్డాను.

నా భార్య సునీత పరిగెత్తుకొచ్చింది. "ఏమైందండీ?"

"ఏం లేదు, పట్టేసింది."

ఆ "ఏం లేదు" నేను నాలుగు నెలలు చెప్పాను. నా ఉద్యోగం డేటాబేసులతో, రోజంతా కూర్చునే పని. నా నొప్పికి పడనిది సరిగ్గా అదే. నిలబడితే కొంత నయం, పడుకుంటే ఇంకాస్త నయం, కూర్చుంటే పది నిమిషాల్లో పిరుదులోంచి మంట దిగేది. ప్లేనోలో పాలప్యాకెట్ కావాలన్నా కారెక్కాలి. సిగ్నల్ దగ్గర కారు ఆగినప్పుడల్లా ఎడమ తుంటిని సీట్లోంచి పైకెత్తి పట్టుకునేవాణ్ణి. పక్క కార్లవాళ్ళు నేనేదో పాటకు ఊగుతున్నాననుకుని ఉంటారు.

డాక్టరు స్కాన్ తీయించాడు. వెన్నులో ఒక డిస్కు పక్కకు జరిగి నరాన్ని నొక్కుతోందన్నాడు. ఆపరేషన్ ఇప్పుడే అక్కర్లేదు, ముందు ఎనిమిది వారాలు ఫిజియోథెరపీ చేయించుకోండి అన్నాడు. నేను రెండు వారాలు వెళ్ళాను. అక్కడ డోనా అని అరవై దాటిన ఆవిడ నన్ను నేలమీద పడుకోబెట్టి, మోకాళ్ళు మడిపించి, ఊపిరి నెమ్మదిగా తీసుకోమనేది. ఇదా వైద్యం అనుకున్నాను. ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉందని చెప్పి మిగతావన్నీ క్యాన్సిల్ చేశాను.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. సునీతకు పదేళ్ళుగా మైగ్రేన్. నెలకు రెండుసార్లు బెడ్‌రూమ్ కర్టెన్లు మూసి, కళ్ళమీద తడిగుడ్డ వేసుకుని పడుకునేది. నేను తలుపు దగ్గర నిలబడి "మళ్ళీనా?" అనేవాణ్ణి. తిట్టినట్టు కాదు, విసుగ్గా కూడా కాదనుకునేవాణ్ణి. ఆ మాట వినేవాళ్ళకు ఎలా ఉంటుందో నాకే నొప్పి వచ్చిన తర్వాత కూడా చాలాకాలం తెలియలేదు.

మార్చి

ఏడు నెలలైనా తగ్గకపోతే నొప్పుల క్లినిక్‌కు పంపారు. వెయిటింగ్ రూమ్‌లో ఒక కాగితం చేతికిచ్చారు. దానిమీద మనిషి బొమ్మ, ముందువైపు ఒకటి, వెనకవైపు ఒకటి. నొప్పి ఉన్నచోట పెన్నుతో నింపమన్నారు. నేను ఎడమకాలంతా నింపుతుంటే పక్కనున్న పెద్ద టోపీ పెట్టుకున్న ముసలాయన తొంగి చూశాడు.

"మొదటిసారా?" అన్నాడు ఇంగ్లీషులో.

"అవును."

"ఆ కుర్చీలో కూర్చోకు. వెన్ను లేనివాడెవడో చేసిన కుర్చీ అది." తన కిందున్న రెండు దిండ్లలో ఒకటి తీసి నాకిచ్చాడు. ఆయన తనవంతు రాగానే లోపలికి వెళ్ళి, వెనకదారిన వెళ్ళిపోయాడట. ఆ దిండు నా దగ్గరే ఉండిపోయింది.

నర్సు వచ్చి అడిగింది: సున్నా నుంచి పదిలో మీ నొప్పి ఎంత? సున్నా అంటే అసలు లేదు, పది అంటే మీరు ఊహించగలిగినంత. ఆ రోజు నాది ఎనిమిది. ఆరు అని చెప్పాను. ఎందుకు తగ్గించి చెప్పానో ఆవిడ అడగలేదు, నేనూ ఆలోచించలేదు.

ఆ మంగళవారం వెన్నులో ఇంజెక్షన్ చేశారు. డాక్టరు స్పష్టంగానే చెప్పాడు. "ఇది కొందరికి కొన్ని వారాలు, కొందరికి కొన్ని నెలలు పనిచేస్తుంది. ఎవరికి ఎంతో ముందే చెప్పలేం. ఈ లోపల మీరు వ్యాయామం మొదలుపెట్టాలి. ఇంజెక్షన్ మీకు కాస్త టైమ్ ఇస్తుంది, అంతే."

అదే వారం మా సంఘంలో ఉపవాస ప్రార్థనలు. శుక్రవారం సాయంత్రం నన్ను మధ్యలో కూర్చోబెట్టి, చుట్టూ నిలబడి, భుజాలమీద చేతులు వేసి ప్రార్థన చేశారు. నా నడుంమీద ఉన్న చెయ్యి మార్తమ్మ గారిది. ఆవిడ తెనాలి దగ్గర హెడ్‌మిస్ట్రెస్‌గా పనిచేసి రిటైరై, కూతురు కెజియా దగ్గర ఉంటారు. డెబ్భై దాటాయి. సంఘంలో పిల్లలంతా ఆంటీ అంటే "ఆంటీని కాదు, టీచర్‌ని" అని సరిదిద్దుతారు. ఆ రోజు అంతసేపు నిలబడటం ఆవిడకు ఎంత కష్టమో నాకు తెలుసు. ఇరవై ఏళ్ళ షుగరు వల్ల ఆవిడ పాదాలు నిప్పుల మీద పెట్టినట్టు మండుతాయి. అయినా నా కోసం నిలబడ్డారు.

శనివారం పొద్దున లేచేసరికి నొప్పి లేదు. తగ్గడం కాదు, లేనే లేదు. ఒంటికాలి మీద నిలబడి షూలేసు కట్టుకున్నాను. గరాజ్‌లోకి వెళ్ళి, కారుకు ఆనుకుని ఏడ్చాను.

ఆదివారం సాక్ష్యాల సమయం వచ్చింది. మా ఆరాధనలో పాటలకూ వాక్యోపదేశానికీ మధ్య ఒక పావుగంట దానికే ఉంటుంది. ఆ వారం దేవుడు తమకు చేసిన మేలు చెప్పాలనుకున్నవాళ్ళు లేచి చెబుతారు. నేను లేచాను. మైకు అందించారు.

"ప్రభువు నామంలో అందరికీ వందనాలు. శుక్రవారం మీరు ప్రార్థన చేసిన గంట నుంచి నాకు నొప్పి లేదు."

హాలంతా చప్పట్లు, స్తోత్రాలు. అక్కడ కూర్చుని ఉండాల్సింది. కాని ఆ చప్పట్లు ఇంకొక్కసారి వినాలనిపించింది.

"మాత్రలన్నీ చెత్తబుట్టలో పడేశాను. ఇక నాకు వాటితో పని లేదు."

డాక్టరు రాసిచ్చిన ఆ నొప్పిమాత్రలు మా బాత్‌రూమ్ అలమారాలోనే ఉన్నాయి. మంగళవారం ఇంజెక్షన్ మాట నేను ఎత్తనేలేదు.

నేను విశ్వాసిని. ఇప్పటికీ విశ్వాసినే. ఆ శుక్రవారం నా మీద ఉన్న చేతులు నాకేమీ ఇవ్వలేదని అనను. ఇంజెక్షన్ కనిపెట్టిన బుద్ధిని కూడా దేవుడే ఇచ్చాడని చెప్పి ఉంటే ఆ హాల్లో ఎవరూ కాదనేవారు కాదు. మూడో వరసలో కూర్చునే ఒకావిడ నర్సే. రెండూ చెప్పవచ్చు. నేను ఒకటే చెప్పాను, ఎందుకంటే ఒకటే చెబితే కథ బాగుంటుంది. ఎవరో అదంతా వీడియో తీసి సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టారు. సాయంత్రానికి అది కాకినాడలో మా మేనత్త దాకా వెళ్ళింది.

ఏప్రిల్ నుంచి జూలై దాకా

మూడో వారంలో నొప్పి తిరిగొచ్చింది. ఆఫీసుకు డ్రైవ్ చేస్తున్నాను. మడమలో చిన్న చురుకు, తర్వాత పిక్కలో, తర్వాత తెలిసిన దారే.

ఆ సాయంత్రమే సునీతకు చెప్పి, పాస్టర్ గారికి ఫోన్ చేసి ఉంటే ఈ కథ అక్కడ ఆగేది. కాని అప్పటికి జనం నన్ను ఆపి మరీ ప్రార్థన చెయ్యమని అడుగుతున్నారు. "బ్రదర్, మీ మీద దేవుడి చెయ్యి ఉంది, మా అమ్మగారి మోకాళ్ళ కోసం ఒక్క మాట ప్రార్థించండి" అని. నేను ప్రార్థించాను. తర్వాత వెళ్ళి కుర్చీలు మోశాను, అదివరకులాగే నాలుగు, అందరూ చూసేటట్టు. పాటలకు ముందు వరసలో నిలబడి, చివరిదాకా కూర్చోకుండా పాడాను. అవన్నీ అయ్యాక రెస్ట్‌రూమ్‌లోకి వెళ్ళి గడియపెట్టుకుని, గోడకు చేతులు ఆనించి, పది నిమిషాలు కదలకుండా ఉండేవాణ్ణి.

క్లినిక్ అపాయింట్‌మెంట్ మానేశాను. ఆ వెయిటింగ్ రూమ్‌లో మా సంఘంవాళ్ళెవరైనా చూస్తారని భయం. మందులషాపులో దొరికే నొప్పిమాత్రలు కొని కారు డాష్‌బోర్డు అరలో దాచుకున్నాను. సీసామీద రాసినదానికన్నా ఎక్కువే వేసుకున్నాను. కడుపులో మంట మొదలైతే దానికి ఇంకో మాత్ర.

మా అమ్మాయి మెర్సీకి పదిహేనేళ్ళు. పుట్టింది ఇక్కడే. ఒకరోజు స్కూల్ నుంచి తీసుకొస్తుంటే నా మొహం చూస్తూ కూర్చుంది.

"డాడీ, నువ్వు మళ్ళీ ఆ ఫేస్ పెట్టావ్."

"ఏ ఫేస్?"

"సీట్‌బెల్ట్ పెట్టుకునేప్పుడు పెడతావ్ కదా, అది. హర్ట్ అవుతుందా?"

"లేదు."

"చర్చ్‌లో హీల్ అయ్యానన్నావ్. సో, అది లైయా, ఇది లైయా?"

"నోరు మూసుకుని కూర్చో!" అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. మెర్సీ కిటికీవైపు తిరిగింది. ఆ పిల్ల ఎగతాళిగా అడగలేదు. ఏది నమ్మాలో తెలియక అడిగింది.

రెండో ఆగస్టు

ఒక ఆదివారం మార్తమ్మ గారు చర్చికి రాలేదు. మర్నాడు కెజియా ఫోన్ చేసింది, అమ్మను ఆసుపత్రిలో చేర్చామని. మధ్యాహ్నం సునీతా నేనూ వెళ్ళాం. వెయిటింగ్ రూమ్‌లో కెజియా ఒక్కతే కూర్చుని ఉంది. చేతిలో కాఫీ చల్లారిపోయింది.

"పాదం కాల్చుకుంది వదినా," అంది సునీతతో. "మంట తట్టుకోలేక వేడినీళ్ళ టబ్బులో కాళ్ళు పెట్టుకుంది. లోపల మంట తెలుస్తుంది కాని బయట వేడి తెలియదు కదా ఆ పాదాలకు. తీసేసరికి బొబ్బలు. నాకు చెప్పకుండా నాలుగు రోజులు సాక్స్ వేసి దాచింది. షుగర్ కదా, ఇన్ఫెక్షన్ అయింది. పాదం నిలుస్తుందో లేదో రెండు రోజుల్లో చెబుతామన్నారు."

"మంట తగ్గడానికి ఏదో మాత్ర ఇచ్చారు కదా?" అంది సునీత. "దాంతో చాలా నయంగా ఉందనేవారు."

"మార్చిలోనే మానేసిందట. నాకు తెలీదు. నెలనెలా రీఫిల్ తెచ్చి పెడుతూనే ఉన్నాను. ఐదు సీసాలు మూత కూడా తియ్యకుండా డ్రాయర్‌లో ఉన్నాయి."

"అయ్యో, ఎందుకు మానేశారు?"

కెజియా నావైపు తిరిగింది. ఆ చూపులో నింద లేదు. అదే నన్ను ఇప్పటికీ వదలదు.

"మీ సాక్ష్యం విన్నాక అన్నయ్యా. ఆ వీడియో రోజూ పెట్టుకునేది. 'ప్రభాకర్ మాత్రలు పారేశాడు, నేనింకా పట్టుకు కూర్చున్నాను, నా విశ్వాసం చాలట్లేదు' అనేది."

అప్పుడైనా చెప్పాల్సింది. నా నోటివెంట వచ్చిన మాట వేరు. "ప్రార్థన చేద్దాం" అన్నాను. తల వంచి, మంచి మాటలు ఏరి, అయిదు నిమిషాలు ప్రార్థన చేశాను. నా జీవితంలో నేను చేసిన తప్పులు వరసగా పెడితే, ఆ అయిదు నిమిషాలే అన్నిటికన్నా ముందు ఉంటాయి.

తిరిగి వచ్చేటప్పుడు కారెక్కుతుంటే నా ఎడమకాలు లోపలికి రాలేదు. చేత్తో ఎత్తి పెట్టుకోవాల్సి వచ్చింది. సునీత చూసింది. డాష్‌బోర్డు అర తెరిచింది. ఎప్పటినుంచి అనుమానమో.

"ఎప్పట్నుంచి?"

"ఏప్రిల్."

"నాక్కూడా చెప్పకూడదా?"

నేను పార్కింగ్‌లో కారు స్టార్ట్ చెయ్యకుండా కూర్చున్నాను. బయట ఎండ మండిపోతోంది. సునీత సీసా చేతిలో తిప్పుతూ నెమ్మదిగా అంది.

"నాకు తలనొప్పి వచ్చిన ప్రతిసారీ తలుపు దగ్గర నిలబడి 'మళ్ళీనా' అన్నారు. ఒక్కసారి లోపలికొచ్చి 'ఎంతగా ఉంది' అని అడగలేదు. మీకు తిరగబెట్టినప్పుడు నేనూ 'మళ్ళీనా' అంటానని భయపడ్డారేమో."

అంతవరకూ నేను సంఘానికి భయపడ్డాననే అనుకున్నాను.

సెప్టెంబర్

మార్తమ్మ గారి పాదం దక్కింది. కాలి చిటికెనవేలు ఒక్కటి తీసేశారు. ఇంటికి తీసుకొచ్చాక ఒక శనివారం పొద్దున వెళ్ళాను. హాల్లో పెద్ద కుర్చీలో, కాలు ఎత్తుమీద పెట్టుకుని కూర్చున్నారు. కాలికి బూటులాంటి కట్టు. నేను నిలబడే అంతా చెప్పాను. ఆవిడ మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు. అయ్యాక క్లాసులో అడిగినట్టు అడిగారు.

"ఇంజెక్షన్ ఏ రోజు?"

"మంగళవారమండీ."

"సాక్ష్యం?"

"ఆదివారం."

"మంగళవారం సంగతి ఆదివారానికి మర్చిపోయావా?"

"లేదండీ."

"గుర్తుండే చెప్పలేదు."

"అవునండీ." "నన్ను క్షమించండమ్మా" అన్నాను.

ఆవిడ కాలికట్టు వైపు చూసుకున్నారు. "నాలుగు నెలలు నొప్పి ఉంచుకుని లేదన్నావు. కోపం ఉంచుకుని లేదని నేను అనను. ఆసుపత్రిలో గంటకోసారి నర్సు వచ్చి అడిగేది, సున్నా నుంచి పదిలో ఎంత అని. అలా అడుగు నన్ను."

"ఎంతమ్మా?"

"తొమ్మిది. పది ఎందుకు కాదంటే, మాత్ర మానేసింది నేను. నా బుర్ర నా దగ్గరే ఉంది. ఆ ఒకటీ నాది."

నేను వెళ్ళబోతుంటే మళ్ళీ పిలిచారు. "రేపు చర్చిలో చెబుతావా?"

"చెబుతానమ్మా."

"ఏడవకు. నువ్వేడిస్తే అందరూ నిన్ను ఓదారుస్తారు, అసలు విషయం పక్కకు పోతుంది."

పాస్టర్ గారికి ఆ మధ్యాహ్నమే ఫోన్ చేశాను. అంతా విన్నారాయన. తర్వాత, "ఆ వీడియో నేనూ కొందరికి పంపాను ప్రభాకర్ గారూ. మీ తర్వాత నేనూ ఒక మాట చెబుతాను" అన్నారు.

మర్నాడు సాక్ష్యాల సమయంలో లేచాను. ఇంజెక్షన్ సంగతి, అలమారాలో ఉన్న మాత్రల సంగతి, డాష్‌బోర్డు సీసా సంగతి చెప్పాను. మార్తమ్మ గారి పేరు చెప్పలేదు. చెప్పుకోవాలంటే ఆవిడే చెప్పుకోవాలి. "నా మాట విని ఎవరైనా మందు మానేసి ఉంటే ఇవాళే డాక్టరుతో మాట్లాడండి" అన్నాను. ఏడవలేదు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, స్తోత్రం అనలేదు.

పాస్టర్ గారు లేచారు. "నా మోకాళ్ళకు ఆరేళ్ళుగా మందు వాడుతున్నాను. ప్రార్థన చేసుకునే వేసుకుంటున్నాను. పాస్టరుకు మోకాళ్ళనొప్పి ఉందంటే ఏమనుకుంటారోనని మీకు చెప్పలేదు. అదీ తప్పే." వెనకనుంచి ఎవరో చిన్నగా నవ్వారు. హాలు కాస్త కదిలింది.

ఆరాధన అయ్యాక అలవాటుకొద్దీ వంగి ఒక కుర్చీ మడవబోయాను. మెర్సీ వచ్చి నా చేతిలోంచి తీసుకుంది. "వదిలెయ్ డాడీ. ఐ గాట్ ఇట్." కారులో అరిచినందుకు సారీ చెప్పాను. "ఓకే," అంది. రెండు కుర్చీలు మోసుకెళ్తూ వెనక్కి తిరిగి, "ఇట్ వాజ్ ఎ రియల్ క్వెశ్చన్, యూ నో" అంది. నాకు తెలుసన్నాను.

అందరూ మెత్తగా తీసుకోలేదు. ఒక పెద్దాయన ఇప్పటికీ నాకు వందనాలు చెప్పడు. కాని ఆ రోజు పార్కింగ్‌లో ఒకావిడ సునీతనూ నన్నూ ఆపింది. ఏడేళ్ళుగా తనకు ఒళ్ళంతా నొప్పులని, రిపోర్టులన్నీ నార్మల్ అంటారని, ఇంట్లో బద్ధకం అనుకుంటారని చెప్పింది. ఏం చెయ్యాలో నాకు తెలియదు. "నమ్ముతున్నాను" అన్నాను. ఆవిడకు అప్పటికి అది చాలినట్టుంది.

ఆ తర్వాత

డోనా దగ్గరికి తిరిగి వెళ్ళాను.

"రెండు వారాలొచ్చి మాయమయ్యారు. ఈసారి ఎన్నాళ్ళు?"

"మీరు పొమ్మనేదాకా."

ఆవిడే నాకు విషయం అర్థమయ్యేట్టు చెప్పింది. దెబ్బ మానిపోయినా నరాలు హెచ్చరించడం మానవట, అలారం అతి సున్నితంగా తయారవుతుందట. అప్పుడు నాకు మా వంటింటి స్మోక్ అలారం గుర్తొచ్చింది. ఎండుమిర్చి పోపు వేస్తే చాలు, ఇల్లు తగలబడుతున్నట్టు మోగుతుంది. అది అబద్ధం చెప్పడం లేదు, దాని పని అది చేస్తోంది. అలాగని ప్రతి పోపుకూ ఇల్లు వదిలి పరిగెత్తలేం. ఏది నిప్పో, ఏది పోపో నెమ్మదిగా దానికి నేర్పాలి. నేర్పడమంటే నేలమీద పడుకుని మోకాళ్ళు మడవడమే, నేను చులకన చేసిన ఆ పనే. ఆఫీసులో ఇరవై నిమిషాలకోసారి టైమర్ పెట్టుకుని లేస్తాను. మొదట ఇంటి నుంచి మెయిల్‌బాక్సుల దాకా నడిచాను, తర్వాత వీధి మలుపు దాకా. ఇప్పుడు పార్కు చుట్టూ తిరిగొస్తాను. బాగున్న రోజున ఎక్కువ చెయ్యకుండా ఉండటమే అన్నిటికన్నా కష్టం.

డాష్‌బోర్డు సీసా సంగతి విని డాక్టరు గట్టిగానే మందలించాడు. నరాల నొప్పికి వేరే మందు తక్కువ మోతాదులో మొదలుపెట్టాడు. కౌన్సెలర్‌తో మాట్లాడమని కూడా అన్నాడు. నొప్పి నడుంలో ఉంటే మనసుకు వైద్యమేమిటని పౌరుషం వచ్చింది, అయినా వెళ్ళాను. దాచడానికే నా ఒంట్లో సగం బలం ఖర్చవుతోందని అక్కడే తెలిసింది.

ఇన్ని వెయిటింగ్ రూముల్లో కూర్చున్నాక నాకు తెలిసింది ఒకటుంది. నా నడుం, మార్తమ్మ గారి పాదాలు, పాస్టర్ గారి మోకాళ్ళు, సునీత తల, పార్కింగ్‌లో కలిసినావిడ ఒళ్ళంతా. అన్నిటినీ నొప్పి అనే అంటాం. దేని దారి దానిది, దేని మందు దానిది. ఒకరి మాట విని మీది మానకండి. నా మాట విని అసలే వద్దు.

సునీత ఇప్పుడు తలనొప్పుల డాక్టరు దగ్గరికి వెళ్తోంది. నేనూ వెంట వెళ్తాను. కర్టెన్లు మూసిన రోజున లోపలికి వెళ్ళి మంచం పక్కన నేలమీద కూర్చుని "ఎంత?" అంటాను. మాట్లాడలేక వేళ్ళు చూపిస్తుంది. నేను తగ్గించగలిగేది ఏమీ లేదు. కూర్చుంటాను, అంతే.

నా నొప్పి పోలేదు. పోతుందని ఎవరూ చెప్పలేదు. రోజులో కొన్ని గంటలు దాని సంగతి మర్చిపోతున్నాను.

మార్తమ్మ గారు నవంబరులో చర్చికి తిరిగొచ్చారు, చేతికర్రతో, వెడల్పాటి బూట్లతో. మాత్ర మళ్ళీ వేసుకుంటున్నారు. చివరి వరసలో అంచు కుర్చీ ఆవిడది. మొదటివారం నేను దూరంగా నిలబడితే కర్రతో పక్క కుర్చీ మీద తట్టారు. వెళ్ళి, క్లినిక్‌లో టోపీ పెద్దాయన ఇచ్చిన దిండు వేసుకుని కూర్చున్నాను. "తొమ్మిదే," అన్నారు నావైపు చూడకుండా.

అప్పటినుంచి ప్రతి ఆదివారం చెబుతారు. క్రిస్మస్‌కు ఏడు. జనవరిలో బూటు ఒరుసుకుని వేలు తీసిన చోట పుండు పడినప్పుడు మళ్ళీ ఎనిమిది. ఈస్టర్‌కు ఐదు. నేను ఏ వారమూ క్షమించమని మళ్ళీ అడగలేదు.

మొన్న ఆదివారం కూర్చోగానే అన్నారు.

"నాలుగు."

నేను దిండు సర్దుకున్నాను.

"నీ నడుం?"

"నాలుగేనమ్మా."

"నిజంగానా?"

ఆరు ఉన్న రోజు ఆరనే చెప్పాను ఆవిడకు, ఎనిమిది ఉన్న రోజు ఎనిమిదని. "నిజమే," అన్నాను.

పరీక్ష పేపరు దిద్దేటప్పుడు చూసినట్టు నా మొహంలోకి కాసేపు చూశారు. తర్వాత పాటల పుస్తకం తెరిచి, సగం నా ఒళ్ళోకి జరిపారు. ముందునుంచి పాస్టర్ గారు అందరినీ లేచి నిలబడమన్నారు. నూరు కుర్చీలు ఒక్కసారి కిర్రుమన్నాయి. మేమిద్దరం కూర్చునే పాడాం.